బుచ్చక్క ఎడమకన్ను

సంఘంలో ఎవరైనా లేచి, కళ్ళు మూసుకుందాం, ప్రార్థన చేసుకుందాం అన్నప్పుడల్లా నా గుండె మీది బండ ఒకటి కదులుతుంది. అది ఇవాళ్టిది కాదు. బస్తరు సంస్థానం ఉన్న రోజులనాటిది. సంస్థానం పోయింది. దాని రాజు, దాని కచేరీలు, దాని బంట్రోతులు అందరూ పోయారు. బండ మాత్రం అక్కడే ఉంది. ప్రార్థన అనగానే అందరితోపాటు నేనూ తల వంచుతాను. కళ్ళు మాత్రం మూయలేను.

నేనెవరో మీకు అక్కర్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. మా సంఘానికి ఒప్పుకోలు కొత్త కాదు. కల్లు మానలేనివాడు లేచి ఒప్పుకున్నాడు. భార్యను కొట్టినవాడు ఏడుస్తూ ఒప్పుకున్నాడు. వాళ్ళ తలల మీద చేతులుంచి ప్రార్థించినవాణ్ణి నేనే. నా వంతు ఎప్పుడూ రాలేదు. రాలేదా, నేను రానివ్వలేదా? రానివ్వలేదు.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. గోదావరి దిగువనున్న ఒక మిషను నన్ను ఉపదేశకుడిగా సంస్థానంలోకి, బాసగూడ అవతలి పల్లెలకు పంపింది. ఆ పల్లెల్లో దోర్ల తెగవాళ్ళున్నారు, తాతల కాలంలో నది దాటి వచ్చి స్థిరపడిన తెలుగు కూలీ కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లి, తాసీలు మనిషి వస్తే హిందీ. నా చంకలో వాక్యగ్రంథం, చేతిలో మందుల పెట్టె. పెట్టెలో క్వినైను, అయోడిను, గజ్జికి మలాము, ఇంకా పాముకాటుకని ఇచ్చిన ఒక సీసా. ఆ సీసా ఎవరినీ బతికించగా నేను చూడలేదు.

మిషను ఆసుపత్రి డాక్టరమ్మ ఏటా చలికాలంలో బండ్ల మీద వచ్చేది. కోస్తా నుంచి వచ్చిన మనిషి, సన్నగా, గట్టిగా ఉండేది. ఇప్పచెట్ల కింద నులకమంచం వేయించుకుని సాయంత్రం దాకా రోగులను చూసేది. ఆమె లేని మిగతా ఏడంతా ఆ పల్లెలకు నేనే వైద్యుణ్ణి కాబట్టి పక్కన నిలబెట్టుకుని నాకు నేర్పేది. చెవి కిందా దవడ కిందా వాపుతో వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉండేవారు. వాళ్ళను ఎలా విడదీసి చూడాలో ఆమె నాకు నేర్పిన తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఈ మాటలు రాసే పని ఉండేది కాదు.

ముఖంలో ఉమ్మి ఊరే గ్రంథులుంటాయని చెప్పింది. చెవి ముందు ఒకటి, దవడ కింద ఒకటి, నాలుక కింద ఒకటి. పిల్లలకు జ్వరంతో బుగ్గలు ఉబ్బితే గవదబిళ్ళలు, వాటంతట అవే తగ్గుతాయి. తినేటప్పుడు ఉబ్బి తర్వాత దిగిపోతే ఉమ్మి వచ్చే గొట్టంలో రాయి అడ్డుపడి ఉంటుంది, నాలుక మీద చింతపండు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. చెవి తమ్మెను పైకి నెడుతూ, నొప్పి లేకుండా, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే గడ్డ వేళ్ళ కింద అటూ ఇటూ జరుగుతూ ఉంటే అది మామూలు గడ్డ. ఎక్కువమందికి వచ్చేది అదే. అలాగని వదిలేయకూడదు. ఆసుపత్రిలో జాగ్రత్తగా తీయాలి, పల్లెలో ఎవరూ దానికి సూది గుచ్చకూడదు. అరుదుగా వచ్చేది రాచపుండు. ఏళ్ళపాటు మామూలుగా ఉన్న గడ్డే అలా మారడమూ ఉంది. అప్పుడది ఉన్నట్టుండి పెరుగుతుంది, నొప్పి మొదలవుతుంది, వేళ్ళ కింద జరగడం మానేస్తుంది. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే కోడికాలి వేళ్ళలా విడిపోయి వెళుతుందట. పుండు ఆ నరాన్ని తినేస్తే ఆ పక్క నుదురు ముడత పడదు, పెదవి పక్కకు పోతుంది, కన్ను మూతపడదు.

మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు గానీ ఇది మర్చిపోవద్దు అంది. కన్ను మూతపడటం లేదంటే తన రాక కోసం చూడకుండా ఆ రోజే బండి కట్టించి పంపమంది.

అందుకే వాపుతో వచ్చిన ప్రతివాళ్ళ చేతా నుదురు ముడిపించేది, కళ్ళు గట్టిగా మూయించేది, గాలి నింపి బుగ్గలు ఉబ్బించమనేది, పళ్ళు చూపించమనేది. ఆడవాళ్ళు సిగ్గుపడి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. బుచ్చక్క మాత్రం సిగ్గుపడలేదు. పళ్ళన్నీ బయటపెట్టి, "ఎద్దును కొనేటోళ్ళ లెక్క పండ్లు జూస్తున్నవేంది తల్లీ? దున్నిస్తవా ఏంది?" అంది. డాక్టరమ్మ అంతగా నవ్వగా నేను చూడలేదు.

బుచ్చక్క గురించి చెప్పాలి. తెలుగు కూలీ ఇంటి మనిషి. భర్త ముత్తయ్య, ఇద్దరూ పాలుకు తీసుకున్న పొలం చేసుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ బతికేవారు. పిల్లలు లేరు. ఆ ఊళ్ళో వాక్యం విన్న మొదటి మనిషి ఆమె. బాప్తిస్మం మాత్రం ముత్తయ్యతో కలిసే తీసుకుంటానని ఆగింది. గొంతు పెద్దది. నేను పాట మొదలుపెడితే శ్రుతి కుదిరేది కాదు, ఆమె అందుకుని దారిలో పెట్టేది. చదువు రాదు, విన్న ప్రతి పాటా వచ్చు. ఎడమ చెవి కింద రేగుపండంత గడ్డ తనతోపాటే ముసలిదవుతోందని చెప్పుకునేది. డాక్టరమ్మ వేళ్ళతో జరిపి చూసి మామూలు గడ్డేనని తేల్చింది. ముఖమంతా సమంగా కదిలింది. రెండు కళ్ళూ గట్టిగా మూతపడ్డాయి. వేసవిలో, వాగులు పొంగకముందే ఆసుపత్రికి రమ్మంది. ముత్తయ్య సరేనన్నాడు. నేను తీసుకొస్తానన్నాను.

డాక్టరమ్మ వెళ్ళాక ముత్తయ్య అన్నగారు ఆసుపత్రి కత్తికి భయపడి ఊరి వడ్డెను పిలిపించాడు. వడ్డె అంటే ఆ ఊరి దేవతల పూజారి. అతను గడ్డ మీద నల్లజీడి రసం పూశాడు. తోలు కాలి, చెంప అంతా ఎర్రగా ఉబ్బి, కన్ను తెరవలేనంతగా వాచింది. నేను ఉప్పునీళ్ళతో కడిగాను, మలాము రాశాను. సంఘమంతా ఆమె చుట్టూ నిలబడి ప్రార్థించాం. కొన్నాళ్ళకు వాపు దిగింది. ఊరంతా చూసింది. గడ్డ కరిగిపోతోందన్నారు.

కరగలేదు. జీడి వాపు మాత్రమే దిగింది. గడ్డ లోపల ఎంతుందో అంతే ఉంది. నా వేళ్ళకు తెలుసు. ఆ వేసవి మొదట్లో నది దిగువన జరిగిన సభల్లో నేను లేచి, సంస్థానంలో ఒక స్త్రీ గడ్డ ఏ వైద్యుడి చెయ్యీ పడకుండా ప్రార్థనతో కరుగుతోందని సాక్ష్యం చెప్పాను. పందిరంతా స్తోత్రం అంది. పెద్దలు నా భుజం తట్టారు. ఆ మాట చెబుతున్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసా? తెలుసు. అయినా నా నోట్లో అది నిజంలాగే రుచించింది. దేవుడి మహిమ కోసం చెబుతున్నాననుకున్నాను. దేవుడికి నా అబద్ధం అవసరమా అని అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాను.

ఆ సాక్ష్యం నాకంటే ముందే ఊరికి చేరింది. సగం ఊరు బాప్తిస్మానికి సిద్ధపడింది. తొలకరికి ముందు, వాగులో నడుము లోతు మడుగు ఉన్నప్పుడే పాస్టరుగారు వచ్చి ఇచ్చేటట్టు కబురు వెళ్ళింది. ముత్తయ్య ఆసుపత్రికి బండి సంగతి అడగడానికి వచ్చాడు. అతనితో, ప్రభువు మొదలుపెట్టిన పనిని మధ్యలో కత్తికి అప్పగించడమెందుకు, కొన్నాళ్ళు చూద్దాం అన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. నా మాట మీద అతనికి అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనే పెంచాను, నాటిన మొక్కకు నీళ్ళు పోసినట్టు.

ఎండలు ముదిరాక ఆమె పాడుతూ పాడుతూ చెవి కింద చెయ్యి పెట్టుకోవడం గమనించాను. ఒకరోజు గడ్డను పట్టి చూశాను. జరగలేదు. చెట్టు మొదట్లో ముడిలా అక్కడే నిలబడింది. నొప్పి ఉందా అని అడిగితే కొంచెమే అంది. నేను వేళ్ళు తుడుచుకుని, బాగానే ఉందన్నాను.

తర్వాతి ఆదివారం పందిట్లో కూడిక. సంఘపెద్ద రాజయ్య కోపిష్ఠి, భక్తిపరుడు. ప్రార్థన కాగానే లేచి, బుచ్చక్క దేవుడి ముందు ఒక కన్ను తెరిచి కూర్చుంటోందని, ఇది నాలుగు వారాలుగా జరుగుతోందని మందలించాడు. వెనకనుంచి ఒక ముసలమ్మ నెమ్మదిగా అడిగింది.

"పెద్దయ్యా, నువ్వు రెండు కండ్లు మూసుకుంటే ఆమె ఒక కన్ను నీకెట్ల గనపడ్డది?"

పందిరి నవ్వింది. రాజయ్య కూడా చివరికి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ముగింపు ప్రార్థనకు తలలు వంచమన్నాను. అందరూ వంచారు. అప్పుడు కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాను.

కుడికన్ను మూసే ఉంది. ఎడమ రెప్ప సగం దాకా వచ్చి ఆగిపోయింది. కింద తెల్లగుడ్డు కనబడుతోంది, దాని అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. నా నోట ప్రార్థన సాగుతూనే ఉంది. ఇంతలో, ఎవరో చూస్తున్నారని తెలిసినట్టు, ఆ కనుపాప కిందికి దిగింది. నన్ను చూసింది. అన్ని తలలూ వంగి ఉన్న ఆ పందిట్లో తెరిచి ఉన్నవి ఆమె కన్నూ నా కళ్ళూ మాత్రమే. నేను ఆమెన్ అన్నాను.

డాక్టరమ్మ మాట గుర్తు రాలేదని చెప్పుకోవడానికి లేదు. అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. ఆ రోజే బండి కట్టించాలి. వాగులన్నీ ఎండి ఉన్నాయి, దారి తెరిచి ఉంది. కానీ బాప్తిస్మాలకు రెండు ఆదివారాలే ఉన్నాయి. స్వస్థపడిందని నేను చాటిన మనిషిని ఇప్పుడు బండెక్కించి ఆసుపత్రికి పంపితే ఊరు ఏమనుకుంటుంది? వడ్డె ఏమంటాడు? ఇన్ని ఆత్మలు వెనక్కి పోతాయే అని వణికాను. ఆత్మల కోసమే వణికానా? నా పేరు కోసం కాదా? అప్పుడు రెండూ ఒకటే అనుకున్నాను. ఇప్పుడు విడదీసి చూస్తే మొదటిది పైపూత, లోపలి గడ్డ రెండోదే. బాప్తిస్మాలు కానిచ్చి మర్నాడే పంపిద్దాం అని నాకు నేను మాట ఇచ్చుకున్నాను.

అందరూ వెళ్ళాక బుచ్చక్క చాప చుడుతూ ఆగింది. ఆ మాటలు ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

"అయ్యగారూ, నా కన్ను మూతపడ్తలేదు. పార్థనల మూసుకోకుంటే పాపమా ఏంది?"

"పాపం కాదు బుచ్చక్కా."

"మరి దేనికట్లయితాంది? అప్పుడు డాక్టరమ్మ కండ్లు మూయమని చూసింది గదా. ఇందుకేనా?"

నేను చాప రెండో అంచు పట్టుకున్నాను. చేతులకు ఏదో ఒక పని కావాలి.

"అదేం లేదు. వేడిగాలికి అలా అయి ఉంటుంది. కొంగు ముందుకు లాక్కుని కూర్చో. ప్రభువు కొంగు వెనక ఉన్నా చూస్తాడు."

ఆమె నవ్వింది. నవ్వు కుడివైపుకే వచ్చింది.

"ఆయన జూస్తడు సరే. నువ్వు జూసినవా అని అడుగుతున్న."

"చూశాను. ఏం లేదు."

"నువ్వు జూసి ఏం లేదంటే, ఇగ ఏం లేదు."

చాప నా చేతికిచ్చి, కొంగు ముఖం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. అడిగింది, నేను జవాబిచ్చాను, నమ్మింది. ఇంతే జరిగింది. ఇంతకంటే పెద్ద నేరం నేను చేయలేదు. ఇంతకంటే పెద్దది ఎవరైనా చేసి ఉంటారా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. అలా అనుకోవడమూ ఒక గర్వమేనేమో.

బాప్తిస్మాలు జరిగాయి. పాస్టరుగారు ఆమెకు ఒక పక్క, నేను ఒక పక్క నిలబడ్డాం. ఆమె కొంగు కప్పుకునే నీళ్ళలోకి వచ్చింది, వినయమని ఆయన మెచ్చుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని మాటలు పలికి ఆమెను వెనక్కి వంచారు. నీళ్ళలో కొంగు తేలిపోయింది. ఎడమకన్ను తెరిచే ఉంది. వాగు నీళ్ళ అడుగునుంచి ఆ కన్ను నన్ను చూసింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే నేను ఉన్నాను, ఇప్పటికీ.

మర్నాడు పంపిద్దామనుకున్నాను కదా. ఆ సాయంత్రమే వాన మొదలైంది. ఆ ఏడు తొలకరి ముందే వచ్చింది. తాలిపేరు నది నిండింది. చిన్న వాగులు కూడా బండిని ఈడ్చుకుపోయేటంతగా పారాయి. మొదట ఎవరూ దాటలేని దారి, తర్వాత బురద, తర్వాత నాట్లు. నేను వాననే నిందించాను. వాన అంతకుముందు రెండు వారాలు ఎదురుచూసిందని నాకు తెలుసు.

ఆ వానాకాలమంతా ఆమె ముఖం మెల్లగా ఎడమ పక్కన దిగజారింది. తాగిన గంజి పెదవి చివరనుంచి కారేది. పాటలో ప్రభువా అనే మాట దగ్గరకు వచ్చేసరికి పెదవులు కలిసేవి కావు, ఆ మాట మధ్యలోనే గాలిగా పోయేది. ఆమె దాన్ని మళ్ళీ పట్టుకునేది, మళ్ళీ పోయేది. కొన్నాళ్ళకు పాడడం మానేసి చప్పట్లు మాత్రం కొట్టేది. శ్రుతి తప్పిన నా పాటను సరిదిద్దేవాళ్ళు లేరు.

చలికాలంలో డాక్టరమ్మ వచ్చింది. కొంగు తీయించి చూసింది. మెడలో కూడా గడ్డలు తగిలాయి. నుదురు ముడవమంది, కళ్ళు మూయమంది. పళ్ళు చూపించమనలేదు. కన్ను ఎప్పటినుంచి మూతపడటం లేదని నన్నే అడిగింది. ఈ మధ్యనే అమ్మా, అన్నాను. ఎంత సులువుగా అన్నానో. డాక్టరమ్మ నా ముఖంలోకి చూసి, అదే మాట బుచ్చక్కను అడిగింది. బుచ్చక్క నా వైపు చూడలేదు.

"ఈ నడుమనే తల్లీ," అంది.

ఎందుకలా అందో నేను అడగలేదు. నన్ను కాపాడిందా? నా మాట తప్పయితే తన విశ్వాసమే తప్పవుతుందని భయపడిందా? లేక ఇక చెప్పి ప్రయోజనం లేదని ఆ మూతపడని కంటికే అందరికంటే ముందు తెలిసిందా? అడిగే ధైర్యం నాకు లేదు, ఆమెకు వ్యవధి లేదు.

పక్కకు తీసుకెళ్ళి డాక్టరమ్మ చెప్పింది. ఇక కత్తి చేసేదేమీ లేదు. వేసవిలో తీసి ఉంటే ముఖం వంకరపోయినా మనిషి మిగిలేదేమో, మిగలకపోయేదేమో, ఇలాంటివాటిలో ఖాయంగా చెప్పలేం అంది. ఆ ఏమోను ఎన్నోసార్లు నా వైపు తిప్పుకోవాలని చూశాను. ఎలాగూ పోయేదేమో అని. కానీ ఆ ఏమో నాది కాదు, బుచ్చక్కది. బతుకుతానో లేదో చూసుకునే హక్కు ఆమెది. దాన్ని నేను తీసుకున్నాను.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో పోయింది. తెల్లవారుతూ ఆడవాళ్ళంతా పువ్వు ఏరడానికి అడవిలో ఉన్నారు. ముత్తయ్య నన్ను పిలిచి, అయ్యగారూ, ఆ కన్ను నీ చేత్తో మూయి అన్నాడు. నేను రెప్పను వేలితో కిందికి దించాను. వేలు తీయగానే లేచింది. మళ్ళీ దించి పట్టుకుని కూర్చున్నాను. ముత్తయ్య అది ప్రార్థననుకుని పక్కన మోకరించాడు. చివరికి చేతకాక, కొంగు ముఖం మీదికి లాగాను. అప్పుడు తెలిసింది, అదే కొంగు, అదే చోటు, నేను చెప్పిన తీరే.

ముత్తయ్య బతికున్నన్నాళ్ళూ నన్ను దీవించాడు. తన భార్య విశ్వాసంతో పోయిందని, అయ్యగారు చివరిదాకా చెయ్యి వదల్లేదని కూడికల్లో చెప్పేవాడు. ఆ ఊళ్ళో సంఘం పెరిగింది. బుచ్చక్క కథ ఇప్పటికీ సాక్ష్యంగా చెబుతారు. అందులో నేను మంచివాణ్ణి.

నా విశ్వాసం పోలేదు. పోయి ఉంటే బహుశా ఇంత బరువు ఉండేది కాదు. ప్రార్థన గడ్డను కరిగించలేకపోయిందని నేను అనను. ఆమె కోసం దేవుడు పంపిన జవాబు చలికాలంలో బండెక్కి వచ్చింది, నా వేళ్ళకు నేర్పింది, ఏం చేయాలో ముందే చెప్పి వెళ్ళింది. అడ్డం నిలబడినవాణ్ణి నేను. ఒప్పుకున్నవాడికి క్షమాపణ ఉందని ఎందరికో బోధించాను. ఆ మాట నిజమే. అది నా దాకా వచ్చిందా అని మాత్రం అడగను. ఇవ్వాల్సిన మనిషి ఇక్కడ లేదు.

అయినా ఇంత రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది. అంతే. ఇంకేమీ కోరను. ఆ రోజు పందిట్లో చాప రెండో అంచు పట్టుకుని తప్పుగా ఇచ్చిన జవాబును ఇన్నేళ్ళకు సరిగ్గా ఇస్తున్నాను, వినడానికి ఆమె లేకపోయినా.

నువ్వు జూసినవా అని అడిగావు.

చూశాను బుచ్చక్కా. ఉంది.